తెరుచుకోని కారు, మేకుకు తగిలించని బిళ్ళ

ఖమ్మంలో పాత కార్లు అమ్మే ఒక మనిషిని నేను ములకలపల్లి అడవిలో ఆరు గంటలు కారులో బంధించి, ఏడిపించి, బండి బాగు చేయించుకున్నానని పాల్వంచలో మా కాలనీ అంతా చెప్పుకుంటుంది. ఆ కథ కాలనీకి చెప్పింది నేనే. టీ కొట్టు దగ్గర మొదటిసారి చెప్పినప్పుడు మూడు గంటలే. వినేవాళ్లను బట్టి పెరుగుతూ వచ్చింది. ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను, పైగా మా ఆవిడ చదువుతుంది, కాబట్టి ఉన్నది ఉన్నట్టు రాయడానికి చూస్తాను. ఎక్కడైనా నోరు జారితే నేనే వెనక్కి తీసుకుంటాను.

మా ఆవిడకు రెండు కిడ్నీలూ మొరాయించాయి. వారానికి రెండుసార్లు కొత్తగూడెం దవాఖానాలో డయాలసిస్. పొద్దున ఏడింటికి మంచం ఎక్కితే నాలుగు గంటలు కదలకూడదు. దిగాక నిలబడే ఓపిక ఉండదు. షిఫ్టు దిగినవాళ్లతో కిక్కిరిసిన బస్సులో ఆమెను తీసుకురాలేను. ఆటోలో అయితే గుంత గుంతకూ మూలుగుతుంది. అందుకే కారు కొన్నాం.

"డాక్టరు వాడిన బండి కాకా. గుడికి, దవాఖానకు తప్ప ఎటూ పోలే" అన్నాడు అమ్మినవాడు. లోపల అద్దానికి సెంటు సీసా వేలాడుతోంది. నేను బానెట్ మీద రెండు దెబ్బలు కొట్టి, చెవి ఆనించి, "ముప్పై అయిదేండ్లు బొగ్గుబాయిల మిషన్ల మధ్య ఉన్నోణ్ణి. చప్పుడు వింటే జబ్బు చెప్త. ఇది మంచిగున్నది" అన్నాను. "నీకు తెల్వంది ఏముంది కాకా!" అని అతను ఎంత తొందరగా ఒప్పుకున్నాడంటే, అప్పుడే అనుమానం రావలసింది.

రెండో వారంలో బయటపడింది జబ్బు. దవాఖానా ముందు ఆమెను వెనక సీట్లో కూర్చోబెట్టి, ఏసీ ఆగకుండా ఇంజను నడుస్తుండగానే వదిలి, మళ్ళీ ఎప్పుడు రావాలో చీటీ రాయించుకోవడానికి లోపలికి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి నాలుగు తలుపులూ బిగుసుకుపోయి ఉన్నాయి. తాళంచెవి బండిలోనే ఉంది. లోపలి పిడి లాగితే ఊరికే చేతికి వస్తోంది, అద్దాల బటన్లు పనిచేయడం లేదు. అరగంట సేపు ఆమె అద్దం వెనక నుంచి నన్ను చూస్తూ ఉండిపోయింది. అంబులెన్స్ డ్రైవరు ఒకాయన రబ్బరు సందులోంచి తీగ దోపి తెరిచాడు.

దిగి, నా భుజం పట్టుకుని అంది: "నాలుగు గంటలు ఆ మంచానికి కట్టేసి ఉంట. మల్ల ఈ డబ్బల గూడనా? నేనెక్క."

ఎక్కలేదు. మళ్ళీ ఆటోలే. మూడో వారం ఇంటి గడప దగ్గర కూలబడి, "వారానికి ఒక్కసారి పోతే సాలుతదిలే" అంది. ఒక్కటి మానినా ప్రాణం మీదికి వస్తుందని డాక్టరమ్మ మా ఇద్దరికీ ఎదురుగా కూర్చోబెట్టి చెప్పింది. ఆ ముక్క ఆమెకూ గుర్తుంది. గుర్తుండే అంది.

ఖమ్మం పరిగెత్తాను. అక్కడ బండి పెళ్లిచూపుల్లో పిల్లలా ఉంటుంది. అతను అయిదుసార్లు బటన్ నొక్కితే అయిదుసార్లూ టక్కుమని తెరుచుకుంది. "ఏదీ కాకా? మంచిగనే ఉన్నది గదా." టీ తాగించి పంపాడు. రెండోసారి వెళితే, "మీ అడవి తొవ్వల ఏదన్న గాలి సోకిందేమో. నిమ్మకాయ కట్టుండ్రి" అన్నాడు. గ్యారంటీ కాగితం తీశాను. అది ఇంజనుకేనట, తలుపులకు కాదట. మూడోసారి మాత్రం సొరుగులోంచి ఒక తాళంచెవి తీసి నా చేతిలో పెట్టాడు. "ఇగో, రెండో చెవి. ఒకలు లోపలుంటే ఇంకొకలు బయట ఉండుండ్రి. సరిపోతది."

ఇదీ అతను చేసిన రిపేరు.

బండి వాకిట్లో ఉంది. ఆమె ఎక్కదు. అమ్ముదామంటే ఇంకో ముసలాణ్ణి మోసం చేయాలి, ఆ తెలివే ఉంటే నేనే ఖమ్మంలో కొట్టు పెట్టేవాణ్ణి. పొద్దున లేచి తలుపు తీస్తే తెల్లగా అదే ఎదురొచ్చేది. కొన్నది నేను, ఇరుక్కుంది ఇద్దరం.

జబ్బు కనిపెట్టింది మా ఆవిడే. ఒక మధ్యాహ్నం నాలుగు తలుపులూ బార్లా తెరిపించి, కాళ్లు బయటపెట్టి వెనక సీట్లో కూర్చుంది. "ఆ రోజు నా కాళ్ల కింద తడిగున్నది. ఈ పట్ట లేపు" అంది. లేపాను. కింద మెత్తటి మట్టి పొరలు పొరలుగా ఎండి ఉంది. ఆమె పుట్టిల్లు భద్రాచలం దగ్గర, ఏటి ఒడ్డున. వరద తీశాక ఇంట్లో మట్టి గీకడమే ఆమె చిన్నతనమంతా. చిటికెడు తీసి వేళ్ల మధ్య నలిపి వాసన చూసింది.

"గోదారి ఒండ్రు. ఈ బండి మునిగింది."

"డాక్టరు బండి అన్నడు గదనే?"

"డాక్టరు ఈత కొట్టిండు గావచ్చు."

ఏసీ నీళ్లు బయటికి పోయే గొట్టం మట్టితో పూడిపోయింది. ఆ నీళ్లు పట్ట కిందికి దిగి, తుప్పు పట్టిన వైర్ల మీద చేరేసరికి అరగంట పడుతుంది. అప్పుడు బిగుసుకుంటాయి తలుపులు. ఆరితే మామూలే. ఖమ్మంలో ఏసీ లేకుండా అయిదు నిమిషాలు చూస్తే ఏం దొరుకుతుంది? మా వీధి మెకానిక్ కూడా చూసి అవునన్నాడు. వైరింగ్ మొత్తం మార్చాలి, అది అమ్మినవాడే చేయాలి అన్నాడు.

"అయితే వానిని అరగంట కూసోబెట్టాలె" అంది మా ఆవిడ. టీ కొట్టు దగ్గర ఈ ఆలోచన నాదని చెప్పాను. కాదు.

ములకలపల్లిలో ఒకాయన కొత్తలాంటి జీపు అమ్ముతున్నాడని ఖమ్మం అతనికి ఫోన్ చేశాను. మర్నాడు పొద్దున్నే బయల్దేరి, పదింటికల్లా తన బండిలో మా ఇంటి ముందు దిగాడు. "తొవ్వ నాకు తెలుసు, నా బండిల పోదాం తమ్మీ" అన్నాను. తను అమ్మిన బండి ఎక్కనని ఎలా అంటాడు?

ఇక్కడ బిళ్ళ సంగతి చెప్పాలి. బొగ్గుబాయిలో దిగే ప్రతి మనిషీ పైన దీపాల గదిలో తన నంబరున్న ఇత్తడి బిళ్ళ ఇచ్చి, నెత్తికి పెట్టుకునే దీపం తీసుకుంటాడు. పైకొచ్చాక దీపం ఇచ్చి బిళ్ళ తీసుకుంటాడు. షిఫ్టు అయిపోయాక బిళ్ళలు తగిలించే పలక మీద ఒకటి మిగిలిందంటే, ఒకడు ఇంకా కిందే ఉన్నాడని లెక్క. పెళ్లయిన కొత్తలో మా ఇంట్లోనూ అదే పెట్టాను. గుమ్మం పక్కన మేకు, ఇద్దరికీ చెరో బిళ్ళ. బయటికి పోతే తగిలించాలి, వస్తే తీయాలి. మా ఆవిడ నలభై ఏళ్లుగా నవ్వుతూనే పాటిస్తోంది. ఆ రోజు అనుకున్నది ఇదీ: పదింటికి నేను బిళ్ళ తగిలించి బయల్దేరతాను. పదకొండున్నరకు అది ఇంకా మేకుకే ఉంటే, ఆమె రెండో తాళంచెవి తీసుకుని ఆటోలో ములకలపల్లి రోడ్డు పట్టాలి.

అడవి మొదలైంది. ఏసీ నిండుగా పెట్టాను. "జూసినవా కాకా, ఎట్ల సల్లగ కొడుతుందో!" అని మురిసిపోయాడు. ఇంకాసేపటికి టక్. నాలుగు తలుపులూ. రోడ్డు పక్కన మద్దిచెట్టు కింద ఆపాను.

"ఏంది కాకా, ఆపినవ్? తలుపు తియ్యి."

"నువ్వే తియ్యి తమ్మీ. మంచిగనే ఉన్నది గదా."

లాగాడు. గుద్దాడు. చెప్పు తీసి అద్దం మీద కొట్టాడు. నేను సీటు వెనక్కి వాల్చి మొదలుపెట్టాను: బాయిలో పైకప్పు కూలి మూడు రోజులు చీకట్లో ఎలా ఉన్నానో, పక్కన ఏడుస్తున్నవాళ్లకు ఎలా ధైర్యం చెప్పానో, రాతి మీద కారే నీళ్లు నాకి ఎలా బతికానో. అతని ముఖం పాలిపోతుంటే నాకు మాట మీద మాట ఊరింది. చెమట తుడుచుకుందామని చొక్కా జేబులో చెయ్యి పెట్టాను.

చల్లగా తగిలింది. ఇత్తడి బిళ్ళ.

మేకుకు తగిలించడం మర్చిపోయాను. ముప్పై అయిదేళ్లు ఊరందరి బిళ్ళలూ చూసినవాణ్ణి, ఆ ఒక్క రోజు నాది మర్చిపోయాను. మేం బయల్దేరేటప్పుడు లోపల పడుకుని ఉన్న మా ఆవిడ లేచి, మేకు ఖాళీగా చూసి, నేను ఇంకా అడవి దారి పట్టలేదనుకుంటుంది, బండేసుకుని టీ కొట్టు దగ్గర ఉన్నాననుకుంటుంది. ఫోన్ తీస్తే సిగ్నల్ గీతలు ఒక్కటీ లేవు. పెట్రోలు ముల్లు కింద పడుకుని ఉంది. కాసేపు ఇంజను ఆపుతాను, ఊపిరి బరువెక్కుతుంది, మళ్ళీ వేస్తాను.

తునికాకు మూటలతో ఇద్దరు ఆడవాళ్లు వచ్చారు. అద్దంలోంచి మమ్మల్ని చూసి వాళ్ల భాషలో ఏదో అనుకుని నవ్వారు. మా సైగలు అర్థమై ఒకామె రాయి అందుకుంది. "కొట్టు అక్కా, కొట్టు!" అని ఇతను గంతులేశాడు. నేను రెండు చేతులూ అడ్డంగా ఊపాను. అద్దం పగిలితే అతను అద్దం వేయించి చేతులు దులుపుకుంటాడు, తలుపుల జబ్బు అలాగే ఉంటుంది. మేమిద్దరం బయటపడతాం, మా ఆవిడ లోపలే ఉండిపోతుంది. రాయి పట్టుకున్నామె దాన్ని పడేసి వెళ్లిపోయింది. ఇంతవరకు కాలనీకి చెప్పాను. చెప్పనిది ఏమిటంటే, వాళ్లు నాలుగు అడుగులు వేయగానే నేనే హారన్ మీద చెయ్యి పెట్టి "అమ్మా, రాండ్రి, పలగ్గొట్టుండ్రి!" అని మొత్తుకున్నాను. వాళ్లు వేళాకోళం అనుకుని చెట్లలోకి పోయారు.

"నిజం జెప్పు కాకా" అన్నాడతను. "మూడు రోజులు ఎట్ల ఉన్నవ్? నాకు గుండె దడదడ కొట్టుకుంటుంది."

"నేను బాయిల దిగలే తమ్మీ."

"ఏంది?"

"పైన దీపాల గదిల పనిచేసిన. దీపం ఇచ్చుడు, బిళ్ళ తీసుకునుడు. ఒక్కసారి దిగిన. లిఫ్టు మధ్యల ఆగింది. పది నిమిషాలు. చిన్న పోరని లెక్క ఏడ్చిన."

నా వైపు తిరిగాడు. కొడతాడేమో అనుకున్నాను. తల సీటుకు ఆనించి, "బండి మునిగిందే కాకా" అన్నాడు. "వరదల నానిన బండ్లు నాలుగు ఒక్క తాపనే కొన్న. ఎండబెట్టిన, సెంటు కొట్టిన. డాక్టరు లేడు, ఎవ్వలు లేరు. తలుపుల సంగతి మాత్రం తెల్వదు, నీ మీద ఒట్టు."

"నా మీద ఎందుకు, నీ మీదనే వేసుకో."

అతని కాళ్ల కింద పట్ట తడిసింది. కాళ్లు పైకి పెట్టుకుని కూర్చున్నాడు. ఆ రోజు దవాఖానా ముందు ఆమె కూడా ఇలాగే కూర్చుని ఉంటుందని అప్పుడు తోచింది నాకు. అంతవరకు తోచలేదు. నేను అద్దానికి బయట ఉన్నాను కదా.

పన్నెండు దాటాక ఆటో వచ్చింది. మా ఆవిడ దిగి, ఆటో కమ్మీ పట్టుకుని కాసేపు నిలబడి, నడిచి వచ్చి, తాళంచెవి తిప్పింది. గాలి వచ్చింది.

"బిళ్ళ పెట్టలే గదా" అన్నాను, దిగలేక దిగుతూ. "ఎట్ల వచ్చినవ్?"

"మేకు ఖాళీ. బండి లేదు, నువ్వు లేవు. బిళ్ళ పెట్టకుంట దిగినోణ్ణే మొదలు ఎతకాలె అని నువ్వే చెప్పినవ్ గదయ్యా."

అటు తిరిగి, రోడ్డు మీద చతికిలబడిన అతనితో అంది: "తమ్మీ, రేపు పొద్దుగాల ఏడింటికి నేను దవాఖానల ఉండాలె. ఎట్ల పోవాల్నో నువ్వు చెప్పి పో."

ఆటో కుదుపుకు ఆమె పెదాలు తెల్లబడి ఉన్నాయి. అతను ఆ పెదాల వంక చూసి, జేబులోంచి తన బండి తాళంచెవి తీసి ఆమె చేతిలో పెట్టాడు. "ఇది బాగయ్యేదాక అది మీ దగ్గరనే ఉంచుకో అక్కా." మా బండిని అద్దాలన్నీ మెకానిక్‌తో దింపించి తనే ఖమ్మం తోలుకుపోయాడు. ఏడ్చాడా అంటే, ఆ రోజు బండిలో ఏడ్చింది ఒక్కరే, అది అతను కాదు.

పదకొండో రోజు తెచ్చాడు. వైరింగ్ కొత్తది, గొట్టం కడిగించాడు, పట్ట మార్చాడు. సెంటు సీసా లేదు. మా ఆవిడ ఎక్కలేదు. "నువ్వు కూసో ముందుగాల" అంది. అతను వెనక సీట్లో, ఆమె చోటులోనే, ఏసీ పెట్టుకుని అరగంట పైనే కూర్చున్నాడు. ఆమె వాకిట్లో కుర్చీ వేసుకుని చూసింది. ఆ తర్వాత అతను లోపలి పిడి లాగాడు. తెరుచుకుంది.

అప్పుడు ఆమె ఎక్కింది. "తలుపు వెయ్యి" అంది. వేశాను. లోపలి నుంచి తెరిచింది, మూసింది, మళ్ళీ తెరిచింది.

మర్నాడు ఆరింటికి మేకుకు రెండు బిళ్ళలూ తగిలించి కొత్తగూడెం బయల్దేరాం. వారానికి రెండుసార్లూ వెళుతున్నాం. దారంతా ఆమె గుప్పిట్లో రెండో తాళంచెవి ఉంటుంది. లోపల కూర్చున్నవాళ్లకు దానితో పని లేదని ఆమెకూ తెలుసు.