ఊరి పేరు చెప్పి పిలిచే గొంతు

ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు ఎవరో ఆ రికార్డింగ్ తెరిచారు. ఆ సమయంలో నేను పాల ప్యాకెట్ కోసం వీధి చివరి కొట్టు దగ్గర ఉన్నాను. తిరిగి వచ్చి టీ పెట్టుకుని, రోజూలాగే లాప్‌టాప్ తెరిస్తే, చివరిసారి ఎప్పుడు చూశారో వీడియో కింద కనిపించింది. చూసినవారి పేరు ఉండాల్సిన చోట ‘అతిథి’ అని ఉంది.

ఆ రికార్డింగ్‌ను నేను తప్ప ఎవరూ తెరవరు. అది మా ఆయన నడిపిన చివరి మీటింగ్. ఆ తర్వాతి వారమే జ్వరం వచ్చింది. భద్రాచలం నుంచి ఖమ్మం దవాఖానాకు చేర్చేసరికే ఆలస్యమైంది. ఆయన పోయి ఏడాది కావస్తోంది. గోడకు ఫోటో పెట్టి దండ వేయడం నాకు ఇష్టం లేదు. పొద్దున టీ తాగేంతసేపు ఆయన మాటలు వింటాను. అంతే.

మేమిద్దరం ఒకే చిన్న సంస్థలో పనిచేశాం. అడవి పల్లెల్లో గర్భిణులు కాన్పు వేళకు పెద్ద దవాఖానాకు చేరేలా చూడటం మా పని. ప్రతి పల్లెలోనూ ఆ ఊరి ఆడమనిషే ఒకామె మా తరఫున పనిచేస్తుంది. వారానికొకసారి అందరం ఆన్‌లైన్‌లో కలుస్తాం. సిగ్నల్ లేని ఊళ్లవాళ్లు మీటింగ్‌లోకి రాలేరు కాబట్టి రికార్డు చేసి లింకు పంపేవాళ్లం. సంతకో, పెద్ద రోడ్డు మీదికో వచ్చినప్పుడు వాళ్లు వినేవారు. వాళ్లలో చాలామందికి ఈమెయిల్ లేదు. పాస్‌వర్డ్ అడిగితే అక్కడే ఆగిపోయేవారు. అందుకని లింకు ఎవరి చేతిలో ఉంటే వారికి తెరుచుకునేలా మా ఆయనే పెట్టారు.

ఇంకో అలవాటు కూడా ఆయనదే. సిగ్నల్ సరిపోక అందరూ కెమెరాలు ఆపేసేవారు. తెర మీద ముఖాలు ఉండేవి కావు. మాట్లాడేది ఎవరో తర్వాత వినేవాళ్లకు తెలియాలని, ప్రతి ఒక్కరినీ ముందుగా వాళ్ల పేరు, ఊరు చెప్పి పిలిచేవారు. ఆఫీసు కాగితాల్లో తప్పుగా పడే పల్లెల పేర్లు ఆయన నోట సరిగ్గా వచ్చేవి. తొందర లేకుండా, పూర్తిగా పలికేవారు. నేను రోజూ వినేది నిజానికి ఆ పిలుపులనే.

ఆ చివరి మీటింగ్‌లో, సిగ్నల్ కోసం పెద్ద రోడ్డు మీదికి వచ్చి కలిసిన ఒక అక్కను అలాగే పేరు, ఊరు చెప్పి పిలిచారు. వాళ్ల ఊళ్లలో మోటారుసైకిల్ వెనుక మందుల పెట్టె కట్టుకుని తిరిగే ఒకతను ఉన్నాడు. పట్టా ఏదీ లేదు. అయినా అందరూ డాక్టరనే అంటారు. అక్క మాట్లాడింది అతని గురించి.

“నొప్పులు జల్దీ రావాలని ఇంట్లనే సూది ఇస్తుండు సారూ. మా పక్కింటి పిల్లకు గట్లనే ఇచ్చిండు. బిడ్డ దక్కలె. ఈ ముచ్చట మీకే చెప్తున్న. నేను చెప్పిన్నని తెలిస్తె మా గడప తొక్కడు. రాత్రి జరమొస్తె మా ఊరికి వచ్చెటోడు ఆయనొక్కడే. ఆయన తమ్ముళ్లు మంచోళ్లు గాదు. పక్కూర్ల ఒకామె నోరిప్పిందని వాళ్ల గడ్డివాము తగలవెట్టిండ్రు.”

“ఈ మాట ఈడ్నే ఉంటదక్కా. బయటికి పోదు,” అన్నారు మా ఆయన.

“పోయిందనుకో, మీ ఆఫీసు ముంగట గుడిసె ఏసుకుంట. రోజూ బువ్వ మీరే పెట్టాలె,” అని ఆమె నవ్వింది. అందరూ నవ్వారు. ఆ నవ్వు కూడా రికార్డింగ్‌లో ఉంది.

ఆ పొద్దున ‘అతిథి’ అన్న మాటనే చూస్తూ ఉండిపోయాను. టీ వొలికితే తుడవాలన్న ధ్యాస కూడా లేకపోయింది.

ఆఫీసుకు వెళ్లగానే, మా ఆయన తర్వాత రికార్డింగుల పని కూడా చూస్తున్న అకౌంటెంటును అడిగాను. “పొద్దున ఆరింటికి పాత మీటింగ్ మీరేమైనా తెరిచారా?”

“ఆరింటికా? నన్ను ఆరింటికి లేపాలంటె గోదారి మంచం కిందికి రావాలె మేడం,” అన్నాడు. నా ముఖం చూసి నవ్వు ఆపాడు. “ఏమైంది?”

చెప్పాను.

“నిన్న మందులిచ్చే సంస్థోళ్లు పోయిన వారం మీటింగ్ అడిగిండ్రు. లింకు పంపిన,” అన్నాడు.

“ఆ ఒక్క మీటింగ్ లింకేనా?”

కంప్యూటర్ నా వైపు తిప్పాడు. పంపింది ఒక వీడియో లింకు కాదు. అన్ని మీటింగులూ ఉన్న ఫోల్డర్ లింకు.

“అవ్ మేడం. మొత్తం పోయింది,” అన్నాడు. అతని గొంతు తగ్గిపోయింది.

ఆ సంస్థలో మాతో మాట్లాడే ఆమెకు ఫోన్ చేశాను. ఆమెది కోస్తా వైపు ఊరు. “అయ్యో, దాన్ని మా గ్రూపులో పెట్టానండీ. కంగారు పడకండి, అందరూ మనవాళ్లే,” అంది.

“గ్రూపులో ఎవరెవరు ఉన్నారండీ?”

“మా స్టాఫు, డ్రైవర్లు, మందులు సప్లై చేసే షాపులవాళ్లు... ఏమైందండీ?”

ఆ షాపుల్లో ఒకటి భద్రాచలంలోనే ఉంది. డాక్టరనిపించుకునే అతను తన పెట్టెలోకి మందులు కొనేది అక్కడే. పొద్దున్నే వచ్చి కొనుక్కుని పల్లెలకు బయలుదేరతాడు.

ఆమె గ్రూపులో మెసేజ్ తీసేసింది. అకౌంటెంటు లింకు మూసేశాడు. “బంద్ జేసిన మేడం. ఇగ ఎవ్వరికీ తెరుచుకోదు.”

“ఇప్పటికే ఫోన్‌లోకి దించుకున్నవాళ్లుంటే?”

అక్కకు ఫోన్ చేస్తే ఎప్పటిలాగే కలవలేదు. ఆమెకు ఎవరైనా చెప్పేలోపు నేను చెప్పాలి. బస్సెక్కాను.

బస్సు దిగి ఆటో, ఆటో దిగి నడక. జామాయిల్ తోటల మధ్య దారిలో రాత్రి వాన నీళ్లు నిలిచి ఉన్నాయి. ఏమని మొదలుపెట్టాలో దారంతా అనుకుంటూనే వెళ్లాను. ఊళ్లోకి అడుగుపెడుతూనే మొదట గడ్డివాముల వైపు చూశాను. అన్నీ ఉన్నాయి. అక్క ఇంటి ముందు మాత్రం మందుల పెట్టె కట్టిన మోటారుసైకిల్ ఉంది.

వెనక్కి తిరిగిపోవాలనిపించింది. కానీ అప్పటికే అక్క నన్ను చూసింది. “మేడమొచ్చింది,” అంటూ బయటికి వచ్చింది. ముఖం మామూలుగానే ఉంది. లోపల మంచం మీద ఆమె మనవరాలు పడుకుని ఉంది. మూడు రోజులుగా జ్వరమట. దూలానికి సెలైన్ సీసా వేలాడుతోంది. ఆ పిల్ల చేతిలో సూది ఉంది. పక్కనే అతను కూర్చుని ఉన్నాడు.

“రండి మేడం. గింత దూరం వచ్చిండ్రేంది?” అన్నాడు.

ఊరికే చూసిపోదామని వచ్చానన్నాను.

“సారు పోయినంక మీరు ఈ దిక్కే రాలె.” సీసాను వేలితో తట్టి, చుక్కల్ని చూస్తూ అన్నాడు. “సారు గొంతు మంచిగుండె. ఇప్పటికీ చెవుల వడ్డట్టే ఉంటది. మా ఊరి పేరు గంత మంచిగ ఎవరు పలుకుతరు?”

మా ఆయన ఆ ఊరికి ఎన్నోసార్లు వచ్చారు. అందరితో మాట్లాడారు. చనిపోయిన మనిషి గురించి ఎవరైనా అనే మాటే అది కావచ్చు. ఆ పొద్దున విని అన్నదీ కావచ్చు. అతని ముఖంలోకి చూశాను. నాకేమీ దొరకలేదు. సూది పిల్ల చేతిలో ఉన్నంతసేపు నేను అక్కతో ఏమీ చెప్పలేను. అతన్ని ఏమీ అడగలేను. గడప దగ్గర కూర్చుని సీసా ఖాళీ అయ్యేదాకా ఆ చుక్కల్నే చూశాను.

సూది తీసి, దూది అద్ది, పెట్టె సర్దుకున్నాడు. “ఉంట అక్కా. రాత్రి మల్ల జరమొస్తె కబురు పంపు,” అన్నాడు. నాకు నమస్కారం పెట్టాడు. బండి చప్పుడు తోటల్లో కలిసిపోయాక అక్కకు మొత్తం చెప్పాను.

ఆమె మంచం దగ్గరికి వెళ్లింది. మనవరాలి నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

“ఆయన విన్నడా?”

“తెలియదక్కా.”

“వినుంటె పిల్లకు గింత మంచిగ సూది ఏస్తడా?” అంది. మళ్లీ తనే, “రేపు వింటడేమో,” అంది. ఆ తర్వాత అడిగింది. “అండ్ల నా గొంతొక్కటే ఉందా, పేరు సుత ఉందా?”

“పేరుంది. ఊరూ ఉంది. మాట్లాడే ముందు మా ఆయన చెప్పేవారు కదా.”

“అవ్. సారు గట్ల పిలిస్తె నాకు మంచిగ అనిపిచ్చేది. మా అత్త సుత నన్ను ఎన్నడు పేరువెట్టి పిలువలె.” చీర కొంగుతో ముఖం తుడుచుకుంది. “గొంతైతె నాది కాదని బుకాయిస్త. ఫోన్ల అందరి గొంతు ఒక్కతీరే ఉంటది. పేరుంటెనే నేనేం జెయ్యలేను. గా పేరు తీసెయ్యిండ్రి మేడం. ఇగ పొండ్రి, ఆటో దొరకదు.”

దించుకున్నవాళ్ల ఫోన్లలోంచి తీయలేనని ఆమెకు చెప్పాను. తెలుసన్నట్టు తలూపింది. అయినా తీయమంది.

మర్నాడు ఆఫీసులో ఆ పని నేనే చేశాను. అకౌంటెంటు చేస్తానన్నాడు కానీ నేను అతనికి ఇవ్వలేదు. ఆ రోజు అక్క చెప్పిన మాటలు మొత్తం తీసేశాను. ఒక్క ఆమె పేరు తీస్తే సరిపోదని అప్పుడు తెలిసింది. పాత మీటింగుల్లో ఒకామె భర్త తాగి కొట్టడం గురించి చెప్పింది. ఇంకొకామె ఎవరికీ తెలియకుండా చేయించుకున్న గర్భస్రావం గురించి చెప్పింది. ప్రతి మాటకూ ముందు ఆయన గొంతులో ఒక పేరు, ఒక ఊరు. ఒక్కొక్కటే విని, కత్తిరించాను. తీయాల్సినదంతా ఆయన గొంతే.

ఇప్పుడు ఫోల్డర్ మా సంస్థ ఈమెయిల్ ఉన్నవాళ్లకే తెరుచుకుంటుంది. బయటి సంస్థలు అడిగితే ఆ ఒక్క మీటింగ్‌నే, వాళ్ల పేరు మీద, కొద్దిరోజుల్లో దానంతటదే మూసుకుపోయేలా పంపుతాం. ఈమెయిల్ లేని అక్కలకు, పల్లెలు తిరిగే నర్సమ్మ వాళ్ల ఊరికి వెళ్లినప్పుడు తన ఫోన్‌లో వినిపిస్తుంది. నర్సమ్మ వెళ్లని వారం వాళ్లు వినరు.

అతను విన్నాడో లేదో ఈరోజుకీ మాకు తెలియదు. ఆ ఇంటికి వస్తూనే ఉన్నాడు. అక్క మీటింగ్‌లకు వస్తుంది కానీ కాన్పుల లెక్క చెప్పి ఊరుకుంటుంది. ఆమె నంబరు నుంచి ఫోన్ వచ్చినప్పుడల్లా లేచి నిలబడి ఎత్తుతాను. మామూలు కబురే అని తెలిశాక కూర్చుంటాను.

మా మీటింగుల్లో ఇప్పుడు ఎవరినీ పేరు, ఊరు చెప్పి పిలవరు.