వరి వేళ్ళకు ఊపిరి పోశాను

ఒక ఇంటి ఏడాది తిండిని ఒక్క పూటలో ఉప్పులో ఊరవేసిన ఘనుణ్ణి నేను. నవ్వండి, ఫరవాలేదు. అరవైల మొదట్లో కోట అనే బస్తీ దగ్గర ఒక ఊరు ఊరంతా నవ్వింది.

అప్పుడు నేను కొత్త గ్రామసేవకుణ్ణి, రైతులకు సేద్యం చెప్పే సర్కారు కొలువు. శిక్షణలో ఒక మధ్యాహ్నం మాస్టారు చెప్పారు: "మొక్కకు నత్రజని నైట్రేటుగా ఇవ్వొచ్చు, అమ్మోనియాగా ఇవ్వొచ్చు. అమ్మోనియా ఎక్కువైతే వేళ్ళు ఆయాసపడతాయి, ఊపిరి ఎక్కువ కావాలి." అంతవరకు విన్నాను. ఆపైన భోజనం తన పని తాను చేసుకుపోయింది. "వరి సంగతి వేరు, అది ఆకుల్లోంచే వేళ్ళకు గాలి దింపుకుంటుంది" అని ఆయన అంటున్నప్పుడు నేను గురక పెడుతున్నానట. పక్కవాడు ఆ ముక్క నాకు చెప్పడం మాత్రం ఈ గొడవంతా అయ్యాకే.

ఆ ఊళ్ళో ఆదెమ్మ అని ఒంటరి మనిషి ఉండేది. ఉప్పుటేటి గట్టున ఎకరం వరి కయ్య, అదే ఆమె లోకం. దాచుకున్న మొలగొలుకుల వడ్ల విత్తనమంతా నారు పోసింది. నేను పోయి దానికి సర్కారు ఎరువు, అమ్మోనియం సల్ఫేటు, చల్లించాను. చల్లించాక వేళ్ళ ఆయాసం గుర్తొచ్చింది.

"పెద్దమ్మా, నీళ్ళు తీసెయ్యాల. వేళ్ళకు ఊపిరాడదు!"

"వరి నీళ్ళల్లో పుట్టిన బిడ్డ అబ్బయా. దానికి ఊపిరి తీసుకునేది నువ్వు నేర్పించాల్నా?"

"ఇది సైన్సు పెద్దమ్మా."

"నీ సైన్సు యాడన్నా చేసుకో. నేను కోట పోయి రేపు పొద్దున్నే వస్తా. గెనిమ మీద చెయ్యి పెట్టబాక."

ఆమె అటు పోగానే చెయ్యేమిటి, పారే పెట్టాను. ఏటివైపు గెనిమ గట్టు తెగ్గొట్టి, నీళ్ళు జర్రున ఏట్లోకి పోతుంటే మురిసిపోయి, బసకు పోయి పడుకున్నాను. ఆ రోజు పున్నమి. నాది ఉదయగిరి వైపు మెట్ట ఊరు. సముద్రానికి రాకపోకలుంటాయనీ, పోటెక్కితే ఏరు వెనక్కి పారుతుందనీ నాకెవరు చెప్పారు? రోట్లో తల పెట్టి రోకటిపోటుకు వెరవకూడదంటారు. నేను పెట్టింది ఆదెమ్మ తల, పోటేమో సముద్రానిది.

పొద్దున వెళ్తే కయ్యనిండా ఉప్పునీళ్ళు. నారు వాలిపోయింది. దాని మధ్య జెల్ల చేపలు ఈదుతున్నాయి. ఆదెమ్మ గెనిమ మీద నిలబడి వాటిని చూస్తోంది.

"సర్కారు ఎరువు బలే పనిచేసినాది అబ్బయా," అంది. "వడ్లు పోస్తే చేపలు మొలిచినాయి."

నాకు ఏడుపు ఆగలేదు. ఆమె మాత్రం ఆ జెల్లల్ని కొంగులోకి ఏరుకుని, ఇంటికి పోయి పులుసు పెట్టి, వసారాలో నా ముందుకు కంచం తోసింది.

"నారు పోయింది నాది. నువ్వేడస్తావేంది? తిను. తిని, ఊళ్ళు తిరిగి నారు తే."

తెచ్చాను. నాలుగూళ్ళలో మిగులు నారు అడుక్కుని, తలమీద మోసి తెచ్చాను. వానలు కయ్యలో ఉప్పు కడిగాయి. నాట్లు ఆలస్యమయ్యాయి గానీ ఆ ఏడు ఆమె పస్తులుండలేదు.

అమ్మ పోయాక నన్ను తిట్టి తినిపించిన మనిషి ఆమె ఒక్కతే. బదిలీ అయి వెళ్ళాక మళ్ళీ చూడలేదు. చూద్దామని వెళ్ళేసరికి ఆమె లేదు. ఆ వసారాలో కూర్చుని ఇంకొక్కసారి ఆ తిట్లు తినాలని ఇప్పటికీ ప్రాణం కొట్టుకుంటుంది.

కనుక సముద్రుడి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో ఏ పంట వేళ్ళకూ ఊపిరి పొయ్యను, ఎవరి గెనిమా తెగ్గొట్టను. ఆదెమ్మ పెద్దమ్మ ఎక్కడినుంచైనా "అబ్బయా, తినిపో" అని కేకేస్తే మాత్రం ఈ ప్రమాణం చెల్లదు. పార ఎక్కడుందో నాకు తెలుసు.