మేడమ్ తీసిన అక్క ఫోటో

మా సోషల్ మేడమ్ పోయారు. పోయిన వారం నేను వార్డులో డ్యూటీలో ఉండగా ఆమె చెల్లెలు ఫోన్ చేసి, "మీ మేడమ్ ఇంక లేదమ్మా" అన్నారు. నర్సును కదా, అలాంటి కబురు ఇతరులకు చెప్పడం నాకు అలవాటే. నాకు చెప్పినప్పుడు మాత్రం, చేతిలో ట్రే ఎక్కడ పెట్టాలో కూడా తోచలేదు.

మీకు ఆమె తెలియదు. విడవలూరు అవతల సముద్రం ఒడ్డున మాది చేపలు పట్టుకునేవాళ్ళ పాలెం. అక్కడి హైస్కూలుకు ఆమె నెల్లూరు నుంచి రోజూ బస్సులో వచ్చేవారు. పెళ్ళి చేసుకోలేదు. భుజాన సంచిలో టిఫిన్ డబ్బా, దాని పక్కన ఒక చిన్న కెమెరా. ఆ కెమెరా చూసి మొదట్లో ఊళ్ళో పెద్దవాళ్ళు ఆమెను పేపరు మనిషి అనుకున్నారు.

ఒక్కో పిల్లను, పిల్లవాణ్ణి ఆమె బడిలో ఒకసారి, బడి బయట ఒకసారి ఫోటో తీసేవారు. బడిలో అంటే లెక్క రాక బోర్డు ముందు తెల్లమొహం వేసినప్పుడో, మధ్యాహ్నం అన్నం ప్లేటు పట్టుకుని వరసలో తోసుకుంటున్నప్పుడో. బయట అంటే వల బాగుచేస్తూ, ఇసుక మీద చేపలు ఎండబెడుతూ, రొయ్యల గుంట గట్టు మీద మేత బస్తా మోస్తూ. రెండూ మా తరగతి వెనక గోడకు తాడు కట్టి, బట్టల క్లిప్పులతో పక్కపక్కనే తగిలించేవారు. "బడిలో మీరంతా ఒకే మాదిరి కూర్చోనుంటారు. బయట చూస్తేనే కదా, ఎవరెవరు ఏందో నాకు తెలిసేది" అనేవారు.

నవ్వమని ఎవరికీ చెప్పేవారు కాదు. కెమెరా కంటి దగ్గర పెట్టుకుని, "పొద్దున ఏం తిన్న్యావు?" అని అడిగేవారు. మనం జవాబు చెబుతుండగా నొక్కేవారు. అందుకే ఆ గోడ మీద మా అందరి నోళ్ళూ సగం తెరుచుకుని ఉండేవి. చద్దన్నం అంటున్నవాళ్ళు, నిన్నటి చేపల పులుసు అంటున్నవాళ్ళు, ఏమీ తినలేదని చెప్పలేక తడబడుతున్నవాళ్ళు. ఆ చివరివాళ్ళ చేతికి తన టిఫిన్ డబ్బా ఇచ్చి, "నాకు ఆకలి ల్యా, నువ్వు తినెయ్యి" అనేవారు. మేం నిజంగానే ఆమెకు ఆకలి వెయ్యదనుకునేవాళ్ళం.

నాకన్నా రెండు తరగతులు పైన మా అక్క చదివేది. అక్కంటే మేడమ్‌కు ప్రాణం. దేశాల పటం చూడకుండా గీసేది మరి. అప్పటికి మా పాలెంలో పది పాసయిన ఆడపిల్ల లేదు. అక్క అవుతుందని మేడమ్ స్టాఫ్ రూములో అందరితో చెప్పుకునేవారు.

అక్క తొమ్మిదిలో ఉండగా, ఒడ్డుకు లాగిన పడవ పక్కన కూర్చుని వలలోంచి పీతలు తీస్తుంటే మేడమ్ ఫోటో తీశారు. గాలికి జుట్టు మొహాన పడుతోంది. ఒక పీత వేలు పట్టుకోబోతే చెయ్యి వెనక్కి లాక్కుని పకపకా నవ్వుతోంది. ఎంత బాగా వచ్చిందంటే, మేడమ్ దాన్ని నెల్లూరులో పెద్దదిగా కడిగించి తెచ్చి, మురిసిపోతూ మా అమ్మ చేతికి ఇచ్చారు.

కొన్నాళ్ళకు అమ్మ పెద్ద వంజరం చేపను ఆకులో చుట్టుకుని బడికి వచ్చింది. నన్ను కూడా వెంటబెట్టుకుని స్టాఫ్ రూములోకి వెళ్ళి, చేపను మేడమ్ బల్ల మీద పెట్టింది.

"మీ చలవ మేడమ్. తడ పక్క పాలెం నుంచి సంబంధం కుదిరింది. పిల్లను చూడనన్నా చూళ్ళేదు, ఫోటో చూసే ఒప్పేసుకున్న్యారు."

మేడమ్‌కు అర్థం కాలేదు. "ఏ ఫోటో?"

"మీరిచ్చిందే. ఈడొచ్చిన పిల్లకు అంత పెద్ద ఫోటో ఇంకెందుకిస్తారు మేడమ్? మా ఇంట్లో ఆడమనిషి మాదిరి ఆలోచించి ఇచ్చినారని మా ఆయన గూడా అన్న్యాడు."

అమ్మ అబద్ధం చెప్పలేదు, నిజంగానే అలా అనుకుంది. మా పాలెంలో ఆడపిల్లను ఒక్కదాన్నే ఫోటో తీయించడం సంబంధం కోసమే. మేడమ్ మొహంలో రంగు పోవడం నేను చూశాను.

ఆ సాయంత్రం ఆమె బస్సు ఎక్కకుండా మా ఇంటికి వచ్చారు. పది రాసేదాకా ఆగమని నాన్నను బతిమాలారు. "మాటిచ్చేసినాం మేడమ్" అని తప్ప నాన్న ఇంకేమీ అనలేదు. ఆఫీసర్లకు చెబుతానని ఆమె గట్టిగా అంటే, అమ్మ ఆమె కాళ్ళు పట్టుకుంది. ఆ ఆదివారం మేడమ్ చర్చిలో ప్రార్థన కూడా మానుకుని మగపెళ్ళివారి ఊరు వెళ్ళారు. వాళ్ళు కుర్చీ వేసి కాఫీ ఇచ్చారట. గోడ మీద ఫ్రేము కట్టించి పెట్టిన అక్క ఫోటోను చూపించి, తీసింది మీరేనా అని మెచ్చుకున్నారట. అక్క పది మొదలుపెట్టకుండానే పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయింది.

ఆ తర్వాత మేడమ్ ఏ ఆడపిల్లనూ ఒంటరిగా ఫోటో తియ్యలేదు. ఇద్దరో ముగ్గురో ఉండాల్సిందే. ప్రింట్లు ఇళ్ళకు ఇవ్వడం మానేశారు. నేను తొమ్మిదికి వచ్చాక, "దీన్ని గూడా ఒకటి తియ్యండి మేడమ్" అని అమ్మ అడిగింది. "కెమెరా బాగల్యా" అన్నారు ఆమె. బాగలేని ఆ కెమెరాతోనే ఆ రోజు మధ్యాహ్నం మా కబడ్డీ ఆట తీశారు. నేను పది రాశాను, పాసయ్యాను. ఆమె దగ్గరుండి నన్ను నర్సింగులో చేర్పించారు.

కలిసినప్పుడల్లా, "అక్క ఎట్టుండాది?" అని అడిగి, నేను చెప్పేలోగా మొహం పక్కకు తిప్పుకునేవారు. ఈ ఏడు జబ్బు ముదిరాక ఒకరోజు నా చెయ్యి పట్టుకుని, "దాన్ని ఒకసారి చూడాలనుండాది. కానీ ఏ మొహం పెట్టుకుని పిలిచేది? దాని బతుకు చెడగొట్టింది నేనే కదా" అన్నారు. అలా కాదు మేడమ్ అన్నాను. ఆమె నమ్మలేదు. అక్కకు ఫోన్ చేస్తే, "వస్తాలే" అన్నది. ఎప్పుడు అడిగినా అదే మాట. అక్కకు ఇంకా కోపం పోలేదని నేనూ అనుకున్నాను.

అక్క వచ్చింది, మేడమ్ పోయిన మర్నాడు. పొద్దున బస్సు దిగి, మేడమ్ ఇంటి ముందు షామియానా కింద నిలబడిపోయింది. ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదని కోపంగానే అడిగాను. అక్క నా మొహం కూడా చూడలేదు.

"పది పాసవుతానని ఆమెకు మాటిచ్చి పెళ్ళి చేసుకుని పోతిని. ఏ మొహం పెట్టుకుని వచ్చేది? మా పాప పదో తరగతి పరీక్షలు రాస్తా ఉండాది. అవి అయిపోతానే దాన్ని తీసుకోనొచ్చి చూపిద్దామనుకున్న్యా."

ఇద్దరిదీ ఒకటే మాట. ఒకరి మాట ఒకరు వినకుండానే అయిపోయింది. నాకు ఏడుపు ఆగలేదు. ఇప్పుడు ఇది రాస్తున్నా ఆగడం లేదు.

పాస్టరుగారి ప్రార్థన అయ్యాక, పెట్టె మూసేముందు దగ్గరివాళ్ళు చుట్టూ నిలబడి ఫోటో తీయించుకోవడం వాళ్ళ ఆచారం. మేడమ్ చెల్లెలి కుటుంబం, బడి టీచర్లు నిలబడ్డారు. ఎవరూ పిలవకుండానే అక్క వెళ్ళి వరస చివర నిలబడింది. మేడమ్ చెవి దగ్గరకు వంగి, "మేడమ్, మా పాపకు గూడా సోషలంటేనే ఇష్టం" అన్నది.

ఫోటో తీసే అతను, "కొంచెం ఇట్టా చూడండమ్మా" అని రెండుసార్లు పిలిచాడు. అందరూ చూశారు. అక్క మాత్రం పెట్టె అంచు పట్టుకుని, మేడమ్ ఏదో జవాబు చెబుతారన్నట్టు ఆమె మొహంలోకే చూస్తూ ఉండిపోయింది.