సున్నపు అడుగులు

పలాసలో మా ఇంటికి వెల్ల వేయిస్తున్నాం. నీళ్లు పోసిన సున్నం కుతకుతలాడి ఘాటు లేస్తే ఇంట్లో అందరూ ముక్కు మూసుకున్నారు గానీ, నాకు మాత్రం ఉద్దానంలో అమ్మమ్మగారి ఊరి కబడ్డీ కోర్టు కళ్లముందుకొచ్చింది. దాంతోపాటు మా చినమావ లోకనాథం కూడా వచ్చి నిలబడ్డాడు.

జీడిపిక్కల ఏరుడు అయిపోయి, తోటల్లో రాలిన జీడిపళ్లు పులిసిన వాసన వేస్తూ, పనసకాయలు చెట్టు మీదే పండి పగిలే రోజుల్లో చుట్టుపక్కల ఊళ్లకి పోటీలు జరిగేవి. కాల్చిన పిక్కల మసి మూతులకు పూసుకుని ఇసకలో కూర్చునే మేం పిల్లలం, మావ కూతకు వెళ్లాడంటే అతనితోపాటు ఊపిరి బిగబట్టేవాళ్లం.

ఆఖరి రోజు కప్పు కంటే పెద్ద ముచ్చట ఇంకోటుండేది. అన్ని జట్లలోంచీ ఏడుగురు మేటి ఆటగాళ్లను కెప్టెన్లే ఎంచేవారు, అదీ ఎవరూ తమ ఊరివాడి పేరు చెప్పకుండా. కోర్టు నడుమ సున్నంతో ఏడు గుండ్రాలు గీసేవారు. మైకులో పేరు పిలవగానే వచ్చి ఒక్కొక్కరూ ఒక్కోదాంట్లో నిలబడాలి. అవతలి ఊరివాళ్ల నోట తన పేరు వినాలని చినమావకి ఏళ్లనాటి ఆశ. ఆట బంగారం, నోరు మాత్రం దురుసు. అందుకే ఏ కెప్టెనూ అతని పేరు చెప్పేవాడు కాదు, ప్రతి ఏడూ ఇంటికొచ్చి అన్నం మీద అలిగేవాడు.

ఒక ఏడు అతని కాళ్లు వాచాయి. మా ఉద్దానంలో ఆ జబ్బు పేరు ఎవరూ గట్టిగా అనేవారు కాదు. "ఆడికీ వచ్చీసిందట" అంటే చాలు, కిడ్నీలని అందరికీ తెలిసిపోయేది. ఆ వేసవి మావ ఒక్క ఆటా ఆడలేదు, తువ్వాలు కప్పుకుని గట్టున కూర్చున్నాడు. ఆరు పేర్లయ్యాక మైకులో ఏడోది అతనిదే వినిపించింది. మావ లేవలేదు. ఎన్నోసార్లు అతన్ని ఇసకలో పడదోసిన పక్క ఊరి కెప్టెన్ దాలినాయుడే దగ్గరకొచ్చాడు.

"జాలిపడి సెప్పినావేటి?" అన్నాడు మావ.

"జాలి కాదు బావ. కిందటేడే సెప్పాల. కుళ్లుతో నోరు రానేదు."

మావ నవ్వాడు. జబ్బు చేశాక ఆ నవ్వు చూడటం అదే మొదలు. చెప్పులు విప్పి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా నడిచి వెళ్లి ఏడో గుండ్రంలో నిలబడ్డాడు. చెమటకి అంటుకున్న సున్నం ఇంటికొచ్చేసరికి వసారా గచ్చు మీద తెల్లటి అడుగులై పడింది.

మళ్లీ జీడిపళ్లు రాలేసరికి మావ లేడు. అమ్మమ్మ రోజూ వసారా తుడుస్తూ ఆ అడుగుల చుట్టూ తడిగుడ్డ తిప్పి, వాటిని అలాగే వదిలేసేది. సందెవేళ అటు వెళ్లాలంటే నాకు భయం. ఎవరో అప్పుడే లోపలికి వెళ్లినట్టుండేది.

ఇప్పుడా కోర్టు నిండా తుప్పలే. దాలినాయుడూ అదే జబ్బుతో పోయాడు. అమ్మమ్మ పోయాక వసారాకి టైల్స్ వేయించారు.

ఇందాక మా అమ్మాయి ఒలికిన సున్నం తొక్కి హాల్లోకి పరిగెత్తింది. గుడ్డ తడిపి వంగాను. గుమ్మంలోంచి అడుగులు లోపలికి వస్తున్నాయి. వాటి చుట్టూ తుడిచి లేచాను.