పట్టికలో లేని జబ్బు

మానసిక వైద్యశాల రికార్డు గదిలో గుమాస్తా పాత కేసు షీట్లు కంప్యూటర్లోకి ఎక్కిస్తుంటాడు. పక్కనే డాక్టరమ్మ ఇచ్చిన పట్టిక: ఎడమవైపు పాత జబ్బు పేర్లు, కుడివైపు ఇప్పటి పేర్లు. ఏ పేరు ఎక్కించినా ముందు తన నాడి పట్టి చూసుకుంటాడు. మెలాంకోలియా అంటే ఒంట్లో నల్లపైత్యం పెరగడమని పూర్వం నమ్మేవారని చదివిన రోజు, సెల్‌ఫోన్లో మూడుసార్లు నాలుక చూసుకున్నాడు. "మీ అమ్మమ్మ జబ్బు నీకు రాకపోతే చాలురా" అని తల్లి అంటుండేది. అమ్మమ్మ ఇక్కడే పోయింది. ఏం జబ్బో ఇంట్లో ఎవరూ చెప్పలేదు.

మొన్న ఆవిడ షీటే చేతికొచ్చింది. హిస్టీరియా. గర్భసంచి చోటు తప్పి ఒళ్లంతా తిరిగితే వస్తుందని ఒకప్పుడు అనుకున్న జబ్బు. కింద రెండే వాక్యాలు: "కడగొట్టు బిడ్డ పోయింది. ఏడుపు మానడం లేదు." ఆవిడ చేరిన తేదీకీ చనిపోయిన తేదీకీ మధ్య పదకొండేళ్లు. పట్టికలో హిస్టీరియాకి ఎదురుగా "డాక్టరును అడగాలి" అని ఉంది. నాడి వదలకుండానే వెళ్లి అడిగాడు.

డాక్టరమ్మ రెండుసార్లు చదివింది. "ఇందులో జబ్బేం లేదండీ. బిడ్డ పోతే ఏ తల్లైనా ఏడుస్తుంది."

గుమాస్తా వేళ్లు నాడి మీంచి జారాయి. "మరి పదకొండేళ్లు ఎందుకుంచారండీ?"

డాక్టరమ్మ షీటు వెనక్కి తిప్పి చూసింది. అటువైపు ఖాళీ.