యుద్ధమొస్తే వస్తానన్న నేస్తం

జగదీష్ మాష్టారికి ఏ పాఠమైనా ఆడించి చెప్పకపోతే తోచదు. మొన్న వేసవిలో విశాఖలో సైరన్లు మోగించి, యుద్ధమొస్తే ఏం చేయాలో జనానికి నేర్పారు కదా, బడి తెరవగానే ఆయన అదే పాఠం ఎత్తుకున్నాడు. ఒకడు సైరన్. ఇద్దరు కిటికీలకు నల్ల కాగితాలు అంటించేవాళ్లు. కొందరు పట్నం విడిచి ఈ అరకు కొండలకు పారిపోయి వచ్చే జనం. వాళ్లకు చోటిచ్చే ఇంటావిడ వేషానికి మాత్రం బడి పక్కనే ఉండే సోములమ్మను పిలిచాడు. డెబ్బై ఒకటి యుద్ధంలో వాళ్లింట్లో విశాఖ వాళ్లు తలదాచుకున్నారని ఎవరో ఆయన చెవిన వేశారు.

కాఫీ తోట పని మానుకుని మరీ వచ్చింది సోములమ్మ. ఉతికిన చీర కట్టి, తలకు నూనె రాసుకుని, పెళ్లికి వెళ్తున్నట్టు బయల్దేరింది. పిల్లల ఆటకు ఇంత ముస్తాబా అని కోడలు నవ్వింది. కోడలికేం తెలుసు పాపం!

ఆ యుద్ధం నాటికి సోములమ్మ ఇంకా చిన్న గుంట. తండ్రి రైలు పట్టాల మీద గ్యాంగ్‌మన్. ఓ రోజు ఆయన విశాఖ రైల్వే గుమాస్తా కుటుంబాన్ని ఇంటికి వెంటబెట్టుకొచ్చాడు. సముద్రం మీంచి బాంబులు పడతాయని వాళ్లు పారిపోయి వచ్చారు. వాళ్లతో సోములమ్మ ఈడు పిల్ల ఒకతె. పొయ్యి వెలుగు విమానాలకు కనిపిస్తుందని ఆ పిల్ల బెదిరిపోతుంటే, సోములమ్మ తల్లి గుమ్మానికి దుప్పటి కట్టింది. ఆ దుప్పటి వెనకే ఇద్దరూ ఒకే గిన్నెలో రాగుల చోడంబలి తాగారు. పెద్దల ఎదుట బొట్లు పెట్టుకుని నేస్తం కట్టుకున్నారు. నేస్తం కట్టాక పేరు పెట్టి పిలుచుకోకూడదు. బతికినంత కాలం ‘నేస్తం’ అనే పిలవాలి.

ఆ యుద్ధం కాస్తా బేగి, రెండు వారాలకే ముగిసిపోయింది. “మళ్లీ యుద్ధమొస్తే మళ్లీ వస్తాను నేస్తం” అని ఆ పిల్ల రైలెక్కింది.

లోకమంతా యుద్ధం వద్దని మొక్కుకుంటుంటే ఈ మహాతల్లి రావాలని మొక్కుకుంది. పెళ్లైంది, పిల్లలు పుట్టారు, మనవలొచ్చారు. కోరిక మాత్రం పోలేదు. మొన్న టీవీలో సైరన్ల మాట విన్న రోజు ఇల్లంతా అలికి, చాప దులిపి వేసి, విశాఖ రైలు వచ్చి వెళ్లేదాకా గుమ్మంలో కూర్చుంది. అలా కోరుకోవడం తప్పని ఆమెకూ తెలుసు. కానీ ఏం చేస్తుంది, ఒక్కసారి చూడాలని ఉంది.

మైదానంలో సైరన్ కుర్రాడు గొంతు చించుకున్నాడు. ఐదో తరగతి నీలవేణి నెత్తిన మూటతో పరుగెత్తుకొచ్చి సోములమ్మ చేయి పట్టుకుంది.

“మామ్మా, బాంబులేత్తన్నారు. మీ ఇంటికాడ ఉండనిత్తావా?”

“లోనికొచ్చీ, బేగి రా. ఏటి తిన్నావో ఏటో!” అంటూ సోములమ్మ ఆ పిల్ల మూట దించి, చెంగుతో ముఖం తుడిచి, చేయి గట్టిగా పట్టుకుంది.

అది నటన కాదని మాష్టారు పసిగట్టాడు. దగ్గరికొచ్చి అడిగితే సంగతంతా చెప్పింది.

“ఆవిడ పేరు చెప్పమ్మా. ఫోన్లో వెతుకుదాం, దొరకొచ్చు” అన్నాడు జేబులోంచి ఫోన్ తీస్తూ.

సోములమ్మ ముఖం వెలిగిపోయింది. నోరు తెరిచింది. మళ్లీ మూసేసింది.

“పేరు పలకకూడదనా? నా చెవిలో చెప్పు, ఫర్వాలేదు.”

“తప్పైనా చెప్పీద్దును బాబూ. ఇన్నేళ్లూ అనక అనక… గుర్తు నేదు.”

“పోనీ, వాళ్ల నాన్న పేరు?”

“గుమాస్తా బాబు అనీవోళ్లం.”

మాష్టారు ఫోన్ జేబులో పెట్టేసుకున్నాడు. ఈల తీసి ఊదాడు. “యుద్ధం అయిపోయింది! ఎవరిళ్లకు వాళ్లు వెళ్లండి!”

పిల్లలు కేరింతలు కొట్టారు. నీలవేణి మూట ఎత్తుకుని చేయి విడిపించుకోబోయింది. సోములమ్మ వదల్లేదు.

“అప్పుడే ఆపీకండి మేష్టరు బాబూ. ఇంకాసేపు జరగనియ్యండి యుద్ధం.”