శుక్రవారం పొద్దు గుంకేలోపు

2012 డిసెంబరులో నేను ఇంగ్లండులో వాట్‌ఫర్డ్ దగ్గర ఒక ఆసుపత్రిలో వృద్ధుల వార్డుకు కన్సల్టెంటును. కన్సల్టెంటంటే వార్డులో ఆఖరి మాట చెప్పే డాక్టరు. ఆ మాటకు కూడా ఒక్కోసారి విలువుండదని నాకు ఆ నెలలోనే తెలిసొచ్చింది.

మిసెస్ లెవీ అనే పెద్దావిడ గుండె జబ్బుతో మా వార్డులో చాలా రోజులుగా ఉండేది. యూదులు, ఆచారాలు గట్టిగా పాటించే కుటుంబం. నేను సెలవు పెట్టి గుంటూరు వెళ్ళే ముందు ఆమె కూతురు రూత్ నా గదికి వచ్చి ఒక్కటే అడిగింది. వాళ్ళలో మనిషి పోతే వీలైనంతవరకు ఆ రోజే ఖననం చేయాలి. అందాకా శవాన్ని ఒంటరిగా వదలకూడదు. శుక్రవారం పొద్దు గుంకితే వాళ్ళ విశ్రాంతి దినం మొదలవుతుంది, మర్నాడు చీకటి పడేదాకా ఖననం ఉండదు. అమ్మను అలా ఆపి ఉంచొద్దని బతిమాలింది. మన ఇళ్ళలోనూ అంతేగా, శవం లేచేదాకా పొయ్యి వెలిగించరు! ఆలస్యం కానివ్వనని ఆమెకు మాట ఇచ్చాను.

మూడు వారాల తర్వాత నేను తిరిగి డ్యూటీలో చేరిన రోజునే, శుక్రవారం తెల్లవారుతుండగా, నేను వార్డుకు చేరకముందే ఆవిడ పోయింది. చలికాలంలో అక్కడ నాలుగింటికే చీకటి పడుతుంది. అయినా వ్యవధి ఉందనే అనుకున్నాను. ముందు డాక్టరు మరణ కారణం రాసి సంతకం చేయాలి. ఆ కాగితం జననమరణాల ఆఫీసులో చూపించి నమోదు చేయిస్తేనే ఖననానికి అనుమతి ఇస్తారు. అయితే ఆఖరి రెండు వారాల్లో రోగిని చూసిన డాక్టరే రాయాలి, లేకపోతే వ్యవహారం మరణాల మీద విచారణ చేసే అధికారి దాకా పోయి రోజులు పడుతుంది. నేను ఊళ్ళోనే లేను కదా! ఆ రెండు వారాల్లో ఆవిడను చూసింది నా కింద పనిచేసే ప్రసాద్ ఒక్కడే. నెల్లూరు కుర్రాడు, మంచి డాక్టరు. ఆ రోజు డ్యూటీ పట్టికలో అతనికి సెలవు.

ఫోన్ చేశాను. "ఈరోజు నాకు ఆఫ్ గదా మేడమ్. సోమవారం వచ్చి రాస్తాలెండి. వీళ్ళకి అన్నీ స్పెషల్‌గా కావాల. డబ్బున్నోళ్ళు, ఎవర్నయినా ఆడిస్తారు" అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. మిసెస్ లెవీ కుట్టుమిషను తొక్కి పిల్లల్ని పెంచిన మనిషి. "నీకెంతమంది యూదులు తెలుసయ్యా ఆ మాట అనడానికి? డబ్బుంటే మాత్రం, తల్లి పోతే తొందరపడకూడదా? మీ ఇంట్లో శవం పెట్టుకుని ఎవరైనా సోమవారం చూద్దామంటే ఊరుకుంటావా?" అని దులిపేశాను. వస్తున్నానన్నాడు.

తన ఫ్లాట్ నుంచి బస్సులు మారి వచ్చేసరికి మధ్యాహ్నమైంది. తప్పుల్లేకుండా రాసిచ్చాడు. రూత్ తమ్ముడు కాగితం పట్టుకుని పరుగెత్తాడు. ఆఫీసు మూసేసి ఉంది, శుక్రవారాలు ఒంటిపూటేనట. శని, ఆదివారాల్లో అత్యవసరమైతే ఎవరినైనా పిలవచ్చా అని ఫోన్ల మీద ఫోన్లు చేశాం. ఆ ఊరి కౌన్సిల్లో అలాంటి ఏర్పాటు లేదన్నారు. ఖననం సోమవారానికి పోయింది.

రూత్ మార్చురీ పక్కనున్న చిన్న గదిలో తల్లికి కాపలాగా కూర్చుంది. విశ్రాంతి దినం మొదలయ్యాక వాళ్ళు కారెక్కరు, ఫోన్ ముట్టుకోరు. ఇల్లు నడిచి వెళ్ళేంత దగ్గరేం కాదు. నేను వెళ్ళి క్షమించమన్నాను. ఆమె నన్నొక్క మాట అనలేదు. మీ డాక్టరు సెలవు రోజు కూడా వచ్చారట, ఆయనకు నా థాంక్స్ చెప్పండి అంది. ప్రసాద్ ఫోన్లో అన్న మాట ఆమెకు చెప్పలేదు. తల్లి పక్కన కూర్చున్న మనిషికి అది కూడా ఎందుకు?

ప్రసాద్ ఇంకా కారిడార్లోనే ఉన్నాడు, వేసుకున్న కోటు కూడా తీయలేదు. ఆమె చెప్పింది చెప్పినట్టే అతనికి చేరవేశాను. మొహం మాడిపోయింది. "మా ఇంట్లో అందరూ అట్టాగే అంటారు మేడమ్. నేనూ అనేశా" అన్నాడు. లోపలికి వెళ్ళి ఆమెకు సారీ చెప్పొస్తానన్నాడు. వద్దన్నాను. నీ మనసు తేలికపడటానికి ఆమె దుఃఖాన్ని వాడుకోవద్దన్నాను. అతను తలూపి, బస్టాపుకి వెళ్ళిపోయాడు.

తర్వాతి వారం వార్డులో పద్ధతి మార్చాను. చివరి దశలో ఉన్న ప్రతి రోగినీ గురువారం రౌండ్లో ఇద్దరు డాక్టర్లు చూడాలి, ఎవరు సెలవులో ఉన్నా రెండోవాళ్ళు రాయగలగాలి. పోయాక ఏం చేయాలో రోగిని చేర్చుకున్నప్పుడే కుటుంబాన్ని అడగాలి. సంతకం చేసే వీలు లేని డాక్టరు మాట ఇవ్వకూడదు. నేను రిటైరయ్యేదాకా ఆ వార్డులో ఏ యూదు కుటుంబమూ కాగితం కోసం ఆగలేదు. మిసెస్ లెవీ మాత్రం సోమవారం దాకా ఆగింది.